కొండమీది ఖరీఫ్

తాఖా ఊరి పైన, మబ్బు కొండను నాకే చోట
ఆరు గుర్రాలు, ఒక వంగిన కంచె, నేను.
ఈడ కూడా వానాకాలాన్ని ఖరీఫ్ అనే అంటారప్పా.
మొదటిసారి విన్నప్పుడు
రాయచోటి మార్కెట్ యార్డులో ఎవరో పిలిచినట్టు
తల తిప్పినా.

వాన అంటే వాన కాదు.
పడదు, ఊరుతుంది.
చొక్కా ముందు తడుస్తుంది, నేల తర్వాత.
మూడు నెలలు సూర్యుడు
ఎవరికో బాకీ పడినోడి మాదిరి దాక్కుంటాడు.

ముసల్లం బిన్ బఖీత్ పోయినేడు బోరు మూసేసినాడు.
నీళ్లనిండా ఉప్పు.
"లూసర్న్ ఇంక చాలు, అబూ లేస్," అన్నాడు.
నా పేరు ఓబులేసు.
సరిదిద్దడం మానేసి పదకొండేళ్లు.
"నీళ్లు పెట్టకుండా పెరగల్ల,
ఎండబెడితే ఆకు రాలకూడదు,
గుర్రం కడుపు నొయ్యకూడదు. చూడు."
పిల్లనిచ్చేటప్పుడు మా మామ కూడా
ఇన్ని షరతులు పెట్టలే.

రాత్రి మంచం మీద గింజల్ని పేరుపేరునా పిలిచినా.

సుబాబుల్ వచ్చింది ముందు, పొడుగ్గా, పచ్చగా.
పో, అన్నా.
ఆ ఆకు మేసిన గుర్రానికి జూలు రాలుతుంది,
తోక అరిగిపోయిన చీపురవుతుంది.
సూడానీ ఇద్రీస్ చూపించినాడు అట్లాంటిదాన్ని,
దాని నీడే దాన్ని చూసి పక్కకు జరిగింది.
జనుము వచ్చింది, పూలు పెట్టుకోని.
పూలు సరే, గింజలో విషముంది.
నేలకు ఎరువు, గుర్రానికి గోరీ.
బర్సీంను పిలవనే లేదు, దానికి కాలవ కావల్ల.
పిల్లిపెసర మంచిదే, మెత్తంది.
పొగమంచులో కోస్తే మూడోనాటికి బూజు,
ఎండలో కోస్తే ఆకంతా నేలపాలు,
మోపులో మిగిలేది పుల్లలు.

బూజు మోపు ఒక్కటి చాలు.
హమ్దూన్‌కు పేగు మెలిపడిన రాత్రి
మెడ మీద చెయ్యేసి దొడ్డి చుట్టూ నడిపించినా, నడిపించినా.
తెల్లారింది.
వాడి బతుకూ తెల్లారింది.

అప్పుడు, అందరికీ వెనక, తలకు తుండు చుట్టుకోని
ఉలవ వచ్చింది.
వేసినవన్నీ ఎండిపోయినాక మా నాయన చల్లే గింజ.
ఆలస్యమైందని అలగదు.
మంచు తాగి పాకుతుంది.
గుర్రాలకు గుగ్గిళ్లు అని మావోళ్లు ఊరికే అనలేదు,
మా ఊళ్లో గుర్రాన్ని చూసినోడు లేకపోయినా.

సలాలాలో మలబారీ కుంజుమోన్ కొట్లో
'ముతిర' అని రాసిన కిలో సంచి, ఆరువందల బైసా.
వండుకునే గింజ, విత్తనం కాదు.
ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి
చొక్కా లోపలి జేబులో పెట్టుకోని తిరిగినా.
పదిహేడు కళ్లు తెరిచినాయి.

ఆగస్టు చివర చల్లినా.
కొంచెం అలసంద కలిపినా, తోడుంటుందని.
సెప్టెంబరులో మబ్బు కొండ దిగి సముద్రానికి పోయింది.
ఒంటెలు కంచె బయటనే నిలబడి
మెడలు మాత్రం లోపలికి పంపినాయి.
ఒక వార వాటికి పోయింది. పోనీ.
నవంబరులో, ఆకు మీద మంచు ఆరకముందే కోసినా.
ఆకు పుల్లను వదల్లేదు.
నలభై ఒక్క మోపు. తక్కువే.

షమ్లా మొదటిరోజు వాసన చూసి
నా మొగం చూసింది.
రెండోరోజు కాయలు మాత్రం ఏరుకుంది.
మూడోరోజు చీకట్లో
తొట్టి అడుగున నాలుక గీరుకున్న చప్పుడు.

ముసల్లం వచ్చి ఒక తీగ తుంచినాడు.
"దీన్నేమంటారు మీ భాషలో?"
"ఉలవ."
"అలఫే, కనపడుతోంది. అలఫ్ అంటే మేత.
ఏ మేత అని అడుగుతున్నా."
"ఉలవ."
"నాకు అరబ్బీ నేర్పుతున్నావా?"

ఆయన జీపు దుమ్ము దిగేదాకా నిలబడి
మిగిలిన గింజలు సంచిలో పోసి మూతి కట్టినా.
మలయాళం అక్షరాల కింద బొగ్గుతో రాసినా:
వచ్చే ఖరీఫ్‌కు. వండొద్దు.